‘కొంతవరకు’ అనే ఒప్పుకోలు

ఇంగ్లీషులో ఎదుటివారి మాటకు తలూపే తీరులు చాలానే ఉన్నాయి. ‘అబ్సల్యూట్లీ’ అంటే ఇక మారుమాట లేదు. ‘బై అండ్ లార్జ్’ అంటే చిన్నచిన్న పేచీలున్నా మొత్తమ్మీద సరే. ‘ఇన్ ప్రిన్సిపల్’ అంటే ఆలోచన బాగుంది, ఆచరణ సంగతి తరవాత; మన పత్రికల్లో తరచూ కనబడే ‘సూత్రప్రాయంగా అంగీకరించారు’ దాని తోబుట్టువే. వీటన్నిటిలోకీ నాజూకైనది ‘అప్ టు ఎ పాయింట్’. కొంతవరకు నిజమే అనడం. ఆ ‘కొంత’ ఎంతో మాత్రం చెప్పరు. ఈ చిన్న మాటలోని శక్తినంతా ఒక్క సన్నివేశంలో చూపించిన రచయిత ఈవ్లిన్ వా.

1935లో అబిసీనియా మీద ఇటలీ యుద్ధాన్ని రాయడానికి వా ‘డైలీ మెయిల్’ విలేకరిగా వెళ్లాడు. ఆ అనుభవంలోంచి 1938లో ‘స్కూప్’ నవల పుట్టింది. అందులో ‘డైలీ బీస్ట్’ పత్రిక యజమాని లార్డ్ కాపర్, విదేశీ వార్తల సంపాదకుడు సాల్టర్. దొరగారు చెప్పింది నిజమైతే సాల్టర్ ‘డెఫినెట్లీ’ అంటాడు. తప్పయితే ‘అప్ టు ఎ పాయింట్’ అంటాడు. కాదు అన్న మాటే అతని నోట రాదు. ఈ కిటుకును వా ముందే మన చెవిన వేస్తాడు. అది తెలియనిది దొరగారికే.

అసలు పనితనం ఆ తరవాత. జపాను రాజధాని యొకొహామా కదా అని దొరగారు అడుగుతారు. సాల్టర్ జవాబు ‘అప్ టు ఎ పాయింట్’. ఒక ఊరు రాజధాని అవుతుంది, లేదా కాదు. మధ్యస్థంగా ఉండడానికి వీల్లేదు. అభిప్రాయాలకు సరిపోయే కొలతను వా తీసుకెళ్లి భూగోళ సత్యానికి పెట్టాడు. అడిగింది ఏ రాజకీయాభిప్రాయమో అయితే ఆ జవాబు మామూలు మర్యాదగా వెళ్లిపోయేది. ఊరి ఎంపిక కూడా చూడండి. టోక్యోకు యొకొహామా ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. ‘కొంతవరకు’ అన్న మాటకు అక్షరాలా కాస్త ఆధారం దొరుకుతుంది! వెంటనే హాంకాంగ్ మనదే కదా అన్న ప్రశ్న. అప్పట్లో అది బ్రిటిష్ వలస. ఈసారి జవాబు ‘డెఫినెట్లీ’. తప్పు ముందు, ఒప్పు వెనక రావడంతో రెండు మాటల అర్థమూ పాఠకుడికి స్థిరపడిపోతుంది. ఇక్కడ మళ్లీ వివరణ లేదు.

ఇది కేవలం చమత్కారంగా ఆగకపోవడం వా గొప్పతనం. దొర మాటకు ఎదురు చెప్పని ఆ ఆఫీసే, నవలాకారుడు జాన్ బూట్‌ను పంపమంటే, పల్లెటూరి ప్రకృతి గురించి రాసుకునే విలియం బూట్‌ను యుద్ధానికి పంపుతుంది. కథంతా ఆ పొరపాటు మీదే నడుస్తుంది.

నవల వచ్చాక ఆ మాట మునుపటిలా లేదు. చదువుకున్న ఆంగ్లేయుడు నేటికీ దాన్ని మర్యాదగా కాదనడానికి వాడతాడు. ఇంగ్లీషు సంభాషణ నేర్పే మాస్టార్లు ఈ ఘట్టాన్ని తరగతిలో ఇద్దరు పిల్లల చేత పైకి చదివించాలి.