సముద్రం దగ్గర కాస్త చాటు

యాత్రా రచనలు చదవడం నాకు చెప్పలేనంత ఇష్టం. అయినా మన యాత్రా రచయితలతో నాకో చిన్న పేచీ ఉంది. సముద్రతీరం వచ్చేసరికి అందరిదీ ఒకటే పాట. నీలాల నీళ్ళు, వెండి ఇసుక, ఆపైన సూర్యోదయం! ఇటలీ వెళ్ళొచ్చినవారూ అంతే, విశాఖ వెళ్ళొచ్చినవారూ అంతే. ఈమధ్య దీనికి ఇంకో మాట తోడైంది, "ప్రైవేటు బీచ్" అని. అదున్న హోటలు గొప్పది, లేనిది ఏదో ఫరవాలేదు. ఏది వ్యాసమో ఏది హోటలు ప్రకటనో పోల్చుకోవడమే కష్టంగా ఉంది.

మా తిరుపతివాళ్ళకి చాలాకాలం సముద్రమంటే మద్రాసు మెరీనాయే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడి, గూడూరు, సూళ్ళూరుపేట వైపు ఊళ్ళు తిరుపతి జిల్లాలో కలిశాక, కొండలవాళ్ళకి కూర్చున్నచోటికే సముద్రం వచ్చింది. అందులో శ్రీహరికోట ఒడ్డు రాకెట్లది, మనల్ని రానివ్వరు. పులికాట్ సరస్సులో చలికాలమంతా ఫ్లెమింగోలదే పెత్తనం. ఇక మనం కాళ్ళు తడుపుకోవాలంటే వాకాడు మండలంలో తూపిలిపాలెం లాంటి చోటికి వెళ్ళాలి.

మా వీధి ఆడవాళ్ళం ఓ ఆదివారం పోదామా అనుకున్నప్పుడు, చదివిన వ్యాసాల సారమంతా వాళ్ళకి వినిపించాను. అంతా ఓపిగ్గా విని పక్కింటావిడ అడిగింది కదా, "అదంతా సరేగానీ అక్కా, ఆడ గుడ్డలు మార్చుకునేదానికి రూముంటాదా?" అని.

నేను చదివిన ఏ వ్యాసంలోనూ దానికి జవాబు లేదు. రాసినవారికి ఆ ప్రశ్న తట్టలేదు మరి. మగవాళ్ళు తడిసిన పంచెను కారు తలుపు చాటున మార్చేసుకుంటారు. మనకి సముద్రం ఎంత నీలంగా ఉన్నా, మోకాళ్ళదాకా దిగేసరికి వెనక్కి తిరిగి చూడడమే సరిపోతుంది. ఎవరు చూస్తున్నారు? తడిచీరెతో ఇంటిదాకా ఎలా? ఆ పక్కనెక్కడన్నా మరుగుదొడ్డి ఉందా?

రామేశ్వరం గుర్తు చేసుకోండి. అగ్నితీర్థమని సముద్రంలో మునిగి, ఆ తడిబట్టలతోనే గుడిలో ఇరవై రెండు తీర్థాలూ తిరుగుతాం. అంత జనంలోనూ ఎవరూ తేరిపార చూడరు. అదే చీరె, అదే ఉప్పునీళ్ళు! సరదాకి మునిగినప్పుడు మాత్రం ఆ మర్యాద ఎక్కడికి పోతుందో. పుణ్యానికి తడిస్తే భక్తురాలు, సంతోషానికి తడిస్తే వింత. ఆడవాళ్ళ సంతోషానికి మనవాళ్ళింకా ఓ స్థలం కేటాయించలేదన్నమాట.

"ప్రైవేటు" అనే మాట అమ్ముడుపోయేది సరిగ్గా ఇక్కడే. ఆ ఒక్క ఇంగ్లీషు మాటలో మనకి రెండు తెలుగు మాటలున్నాయి. ఒకటి సొంతం, రెండోది చాటు. మనం డబ్బిచ్చేది చాటుకోసం. వాళ్ళు దాంతో పాటు ఒడ్డునే సొంతం చేసుకుంటారు.

మధ్యధరా సముద్రం సంగతి చూడండి. ఇటలీలో తీరం ప్రభుత్వానిదే. కాని వ్యాపారులు అనుమతి తెచ్చుకుని, వరసలు వరసలుగా గొడుగులూ పడక కుర్చీలూ వేసి, వెనకాల చిన్న చిన్న బట్టలు మార్చుకునే గదులు కట్టి అద్దెకిస్తారు. కొన్ని ఊళ్ళలో డబ్బివ్వకుండా తువ్వాలు పరుచుకోవడానికి మిగిలింది చిన్న ముక్కే. ఫ్రాన్సు వాళ్ళు 2006లో గీత గీశారు. సహజమైన బీచ్‌లో వ్యాపారులకిచ్చేది ఐదోవంతు మించకూడదు, తక్కినదంతా అందరిదీ అని. గ్రీసులో పారోస్ ద్వీపవాసులు 2023లో తువ్వాళ్ళు పట్టుకుని మరీ ఉద్యమం చేశారు, కుర్చీలవాళ్ళు ఇసుకంతా ఆక్రమించుకున్నారని. మరుసటి ఏడే అక్కడ ప్రభుత్వం నిబంధనలు బిగించింది.

మన దేశంలో కూడా సముద్రపుటొడ్డు ఎవరి సొంతమూ కాదు. సముద్రతీరం, నదులు, అడవులు ప్రజలవని, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. కనక ప్రకటనలో "ప్రైవేటు బీచ్" అని కనబడితే, అక్కడ సొంతమైంది హోటలూ దాని గేటూ మాత్రమేనని చదువుకోండి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. డబ్బిచ్చి ఆ గేటు లోపలికి వెళ్ళే ఆడవాళ్ళని నేను ఒక్క మాట అనను. మోకాళ్ళ నొప్పుల అత్తగారినీ, ఎదిగిన కూతుర్నీ వెంటబెట్టుకున్న ఇల్లాలు ఇంకేం చేస్తుంది? కాని ఆమె అక్కడ కొన్నది ఏమిటో లెక్క వెయ్యండి. గొళ్ళెం పడే తలుపు, మంచినీళ్ళ కొళాయి, శుభ్రమైన మరుగుదొడ్డి, ఒక దీపం, ఒక కాపలా మనిషి. ఇంతే! సముద్రాన్ని ఎవరూ అమ్మలేదు. ఈ ఐదూ పంచాయతీవాళ్ళు కట్టలేనంత ఖరీదైనవా?

కట్టగలరనడానికి విశాఖలో రుషికొండే సాక్ష్యం. ప్రభుత్వ బీచ్ అయ్యుండి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకుంది. మరుగుదొడ్లూ ప్రాణరక్షకులూ శుభ్రతా ఉంటేనే ఆ జెండా ఇస్తారు. 2023లో అక్కడ ఇరవై రూపాయల టికెట్టు పెట్టబోయి, విమర్శలు రాగానే మానుకున్నారు. 2025లో నిర్వహణ సరిగా లేక జెండా కొన్నాళ్ళు దిగింది కూడా. అంటే కట్టడంతో సరిపోదు, రోజూ కడగాలి. ఆ సంగతి ఇంటావిడకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

నా భయం ఒకటే. డబ్బున్నవాళ్ళంతా గేటు లోపలికి వెళ్ళిపోతే, బయట ఒడ్డుకి తలుపు కావాలని అడిగేదెవరు? ఆ ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే బెస్త ఆడవాళ్ళున్నారు. మన వ్యాసాలు వాళ్ళని "వాసన" అనే ఒక్క మాటలో తేల్చేస్తాయి. మనకి అది ఒక పూట విహారం, వాళ్ళకి రోజంతా పనిచేసే చోటు. మనకన్నా ముందు ఆ మరుగుదొడ్డి కావలసింది వాళ్ళకే.

అందుకని ఏ బీచ్‌కి వెళ్ళాలో ఎంచుకునేటప్పుడు నీళ్ళ రంగు చివర్న అడగండి. ముందు అలల పోటు ఎలా ఉంటుందో అడగండి; మధ్యధరాలో పోటుపాట్లు స్వల్పం, మన బంగాళాఖాతం అలా కాదు. కాపలా ఉందా, చీకటి పడితే దీపం ఉందా, బట్టలు మార్చుకునే గది ఉందా అడగండి. లేదంటే వెళ్ళడం మానకండి. నలుగురూ కలిసి వెళ్ళి, వచ్చాక ఒక అర్జీ రాయండి.

యాత్రా రచయితలకి నా విన్నపం కూడా అంతే. సూర్యోదయం వర్ణన ఒక్క పేరా తగ్గించండి. ఆ జాగాలో, గది ఉందో లేదో, ఉంటే గొళ్ళెం పడుతుందో లేదో రాయండి. మా పక్కింటావిడకి ముందు కావలసింది అదే.