పిల్లర్ల పైన, పిల్లర్ల కింద

2025 సెప్టెంబరులో రెండు వారాల లోపే హైదరాబాద్ రవాణాలో రెండు పెద్ద కుర్చీలు చేతులు మారాయి. 2007 నుంచి హైదరాబాద్ మెట్రో రైల్ ఎండీగా ఉన్న ఎన్‌వీఎస్ రెడ్డిని ప్రభుత్వం పట్టణ రవాణా సలహాదారుగా మార్చింది. నాలుగేళ్లు ఆర్టీసీ ఎండీగా పనిచేసిన వి.సి.సజ్జనార్ నగర పోలీస్ కమిషనర్‌గా వెళ్లారు. ఎవరి హయాం మేలైనది అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. అయితే ఈ ఇద్దరినీ ఒకే తూకపు రాళ్లతో తూచడం కుదరదని నా అభిప్రాయం. సజ్జనార్ చేసిన మంచిని రేపొక సర్క్యులర్‌తో తుడిచేయొచ్చు. ఎన్‌వీఎస్ రెడ్డి కాలంలో జరిగిన తప్పును ఎన్ని జీవోలు ఇచ్చినా తుడిచేయలేం. కాంక్రీటు స్వభావం వేరు, టికెట్టు స్వభావం వేరు.

ఆర్టీసీ సంగతి మన తూర్పు హైదరాబాద్ వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్ డిపో, హయత్‌నగర్ డిపోలు కళ్లముందు ఉన్నవే. 2019 అక్టోబరులో మొదలైన సమ్మె 52 రోజులు నడిచింది. అది ముగిసిన నాలుగు నెలలకే కరోనా వచ్చిపడింది. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలుపెట్టిన సంస్థ, 2021 నాటికి అమ్మేస్తారా మూసేస్తారా అన్న మాటల మధ్య మిగిలింది. ఆ సెప్టెంబరులో బాధ్యతలు తీసుకున్న సజ్జనార్ మామూలు ప్రయాణికుడిలా సిటీ బస్సెక్కి ఎంజీబీఎస్ బస్టాండుకు వెళ్లారు. అది ప్రచారం కోసమేనని కొందరన్నారు. కావచ్చు, కానీ అప్పటికి ఆర్టీసీకి కావలసింది కూడా అదే. ఈ సంస్థ బతికే ఉందని ఎవరో ఒకరు జనానికి చెప్పాలి.

పండగ బస్సుల విషయం చూడండి. సంక్రాంతి ముందు రోజుల్లో ఎల్బీనగర్ నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా విజయవాడ రోడ్డు పొడవునా సంచులతో, పిల్లలతో నిలబడే జనానికి అదనపు ఛార్జీ అంటే ఏమిటో తెలుసు. 2003 నాటి జీవో 16 ప్రకారం ప్రత్యేక బస్సుల్లో ఒకటిన్నర రెట్ల దాకా వసూలు చేయొచ్చు. 2022 సంక్రాంతికి సజ్జనార్ ఆ అదనం వద్దన్నారు. ప్రైవేటు ట్రావెల్స్ వైపు పోయే జనం ఆర్టీసీ వైపు చూశారు. మంచి నిర్ణయం. అయితే 2025 సంక్రాంతికి, ఆయన కుర్చీలో ఉండగానే, ప్రత్యేక బస్సుల్లో 50 శాతం దాకా అదనం మళ్లీ వచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా వస్తుందన్న లెక్క 2022లోనూ ఉంది, 2025లోనూ ఉంది. మారింది నిర్ణయం ఒక్కటే.

ఎన్‌వీఎస్ రెడ్డి చేతికొచ్చింది సజ్జనార్‌కు దక్కినదానికి పూర్తిగా ఎదురు. సజ్జనార్‌కు సంస్థ ఉంది, దానిమీద నమ్మకం లేదు. ఈయనకు సంస్థ పేరు, కొన్ని నక్షలు మాత్రమే ఉన్నాయి. రైల్వే అకౌంట్స్ సర్వీసు నుంచి వచ్చిన మనిషి. 2008లో మేటాస్ కూటమి మెట్రోకు ప్రభుత్వ సొమ్ము అక్కర్లేదని, పైగా తామే ప్రభుత్వానికి 30,311 కోట్లు కడతామని టెండరు గెలుచుకుంది. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ అప్పుడే అభ్యంతరం చెప్పారు. రైలు నడిపే పని ముసుగులో భూముల వ్యాపారం జరుగుతుందన్నది ఆయన భయం. 2009 జనవరిలో మేటాస్ వెనకున్న కుటుంబానిదే అయిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడింది, ఆ ఏడాదే ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్‌అండ్‌టీ 1,458 కోట్ల ప్రభుత్వ సాయానికి ఒప్పుకుని పని దక్కించుకుంది. వైఎస్, రోశయ్య, కిరణ్‌కుమార్‌రెడ్డి, కేసీఆర్, రేవంత్‌రెడ్డి: ఐదుగురు ముఖ్యమంత్రులు, మధ్యలో ఒక రాష్ట్ర విభజన. ఇన్ని మారినా అదే ఫైలును అదే మనిషి మోశారు. ఒకే వ్యక్తి అన్నేళ్లు కుర్చీలో ఉండటం తప్పని వాదించేవాళ్లున్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను వాళ్లతో కలవను. ఎండీలు మూడేళ్లకొకరు మారి ఉంటే 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్‌కు రైలు వచ్చేది కాదు.

ఆ కట్టడపు నేర్పును కూడా తక్కువ చేయకూడదు. యార్డులో ముందే పోసి గట్టిపడిన సెగ్మెంట్లను తెచ్చి, గర్డర్‌తో ఒక్కొక్కటే పైకెత్తి, ఉక్కు తీగలతో బిగించి, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ లాంటి ఇరుకు రోడ్ల నడుమ పిల్లర్ల మీద దారి వేశారు. దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, తోపుడుబండ్లు, బస్టాండు అన్నీ ఉన్న చోట ఆ పని చేయడం చిన్న విషయం కాదు. అలాగే ఆ కాంక్రీటు చేసిన గాయాన్నీ చెప్పాలి. 2019 సెప్టెంబరులో అమీర్‌పేట్ స్టేషన్ కింద వానకు తలదాచుకున్న ఒక యువతి మీద పెచ్చు ఊడిపడి ఆమె చనిపోయింది. పండగ ఛార్జీని మరుసటి ఏడాది తగ్గించుకోవచ్చు. దీనికి అలాంటి అవకాశం లేదు.

స్వభావాల్లో ఇంత దూరం ఉన్నా, ఇద్దరిలోనూ ఒకే గుణం కనిపిస్తుంది: సంస్థ పరువును సొంత పరువుగా తీసుకోవడం. 2021 నవంబరులో ఒక బైక్ ట్యాక్సీ ప్రకటనలో అల్లు అర్జున్ ఆర్టీసీ బస్సును మసాలా దోసెతో పోల్చి తక్కువ చేశారని సజ్జనార్ లీగల్ నోటీసు పంపించారు. దానివల్ల ఒక్క రూపాయి ఆదాయం పెరగకపోయినా, స్టీరింగ్ పట్టుకున్నవాడికి తన తరఫున మాట్లాడే మనిషి ఉన్నాడని తెలిసింది. ఎన్‌వీఎస్ రెడ్డి కూడా అంతే. సుల్తాన్‌బజార్ దగ్గర, అసెంబ్లీ ముందు మార్గం మార్చాలన్న గొడవల్లో, కోర్టు కేసుల్లో, పాతబస్తీ ఆస్తుల లెక్కల్లో ప్రతిచోటా ఆయనే జవాబు చెప్పారు. ఇద్దరూ తమ సంస్థలకు ముఖమయ్యారు. దాని ఇబ్బంది కూడా ఇద్దరికీ ఒకటే. మంత్రులను, ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్నలు ఎండీ దగ్గరే ఆగిపోయాయి.

డబ్బుల దగ్గర మళ్లీ దారులు వేరయ్యాయి. 2022లో ఆర్టీసీలో డీజిల్ సెస్, సేఫ్టీ సెస్, చిల్లర సర్దుబాటు అంటూ టికెట్ ధర పెరిగింది. ఛార్జీలు పెంచామన్న మాట మాత్రం ఎక్కడా రాలేదు. ఇది నాకు నచ్చలేదు. పెంచితే పెంచామని చెప్పాలి. మెట్రోలో కమిటీ వేశారు, జనం అభిప్రాయం తీసుకున్నారు, రెండేళ్లకు పైగా ఆగి 2025 మేలో గరిష్ఠ ఛార్జీని 60 నుంచి 75కు పెంచారు. గోల లేచాక కొంత తగ్గించి 69 చేశారు. పద్ధతి బాగుంది, భారం మాత్రం ఎక్కువే పడింది. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా రోజూ పోయివచ్చే చిరుద్యోగికి కమిటీ ఉందా లేదా అన్నది పెద్ద ఓదార్పు కాదు.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పిల్లర్ల కింది బస్సుకూ పైనున్న రైలుకూ నేరుగా పోటీ వచ్చింది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మెట్రో రాబడిని దెబ్బతీసిందని ఎల్‌అండ్‌టీ ఆర్థిక విభాగం అధిపతి 2024లో బహిరంగంగానే అన్నారు. అటు ఆర్టీసీ 2025 జులైలో ఆడవాళ్లకిచ్చిన జీరో టికెట్ల సంఖ్య 200 కోట్లకు చేరిందని సంబరం చేసుకుంది. ఒక నగరంలోని రెండు రవాణా సంస్థల్లో ఒకదాని గెలుపు మరొకదాని నష్టంగా మారిందంటే, ఆ లోపం ఏ ఎండీదీ కాదు, రెండింటినీ కలిపి చూడని ప్రభుత్వానిది.

సిబ్బంది విషయంలో ఇద్దరి ఖాతాలోనూ బాకీ ఉంది. ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపే బిల్లు 2023లో అసెంబ్లీ దాటింది, గవర్నర్ సంతకమూ అయింది, అమలు మాత్రం కాలేదు. 2025 మేలో మళ్లీ సమ్మె అంచుదాకా వెళ్లి ఆగారు. మెట్రోలో 2023 జనవరి మొదటి వారంలో మన ఎల్బీనగర్-మియాపూర్ ఎర్ర లైను టికెట్ కౌంటర్ల కాంట్రాక్టు సిబ్బంది జీతాల కోసం విధులు మానేసి నిలబడ్డారు. ఆ రోజుదాకా అద్దం వెనకున్నవాళ్లు ఎవరి ఉద్యోగులో చాలామంది ప్రయాణికులకు తెలియదు.

ఇక పెద్ద అంబర్‌పేట్ దగ్గరికి వస్తే ఇద్దరి లెక్కలూ కలుస్తాయి. 2023లో కేసీఆర్ ప్రభుత్వం ప్రకటించిన విస్తరణ నక్షలో ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ మీదుగా పెద్ద అంబర్‌పేట్ దాకా 13 కిలోమీటర్ల లైను ఉంది. 2024లో రేవంత్‌రెడ్డి ప్రభుత్వం కేంద్రానికి పంపిన రెండో దశ నివేదికలో అది 7.1 కిలోమీటర్లకు తగ్గి హయత్‌నగర్‌లోనే ఆగింది. రెండు నక్షలప్పుడూ మెట్రో ఎండీ ఎన్‌వీఎస్ రెడ్డే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కాలనీలు కట్టుకున్నవాళ్లు హయత్‌నగర్ దాకా, ప్రస్తుతానికైతే ఎల్బీనగర్ దాకా, బస్సు మీదో ఆటో మీదో ఆధారపడాలి. కాబట్టి మెట్రో పనితీరును ఇక్కడ తేల్చేది చివరికి బస్సే. అదే విధంగా బస్సు విలువను తేల్చేది ఎల్బీనగర్‌లో అది మెట్రోకు ఎంత సరిగ్గా అందిస్తుందన్నదే. ఒకే టికెట్‌తో రెండూ ఎక్కే ఏర్పాటు గురించి ప్రకటనలు వచ్చాయి గానీ, ఇద్దరి హయాంలోనూ అది జనం రోజువారీ వాడుకలోకి రాలేదు. ఇద్దరిలోనూ నాకు లోపంగా కనిపించేది అన్నిటికంటే ఇదే.

2025 సెప్టెంబరులోనే ఎల్‌అండ్‌టీ నుంచి మెట్రోను తీసుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. సుమారు 13,000 కోట్ల అప్పు, వాటా కింద మరో 2,000 కోట్లు. ఆ భారం సంగతి ఎలా ఉన్నా, ప్రైవేటు కంపెనీ రాబడి పోతుందన్న అడ్డంకి ఇకమీదట ఉండదు. పెద్ద అంబర్‌పేట్‌లో బస్సెక్కిన మనిషికి కండక్టరు దగ్గరే మియాపూర్ దాకా టికెట్ ఇవ్వాలంటే ఇప్పుడు ఒక్క యజమాని సరేనంటే చాలు.