మరక ఉండనివ్వండి

నిరుడు శ్రావణంలో ముసురు పట్టిన వారం, ఇత్తడి బిందెల కోసం అటక ఎక్కితే అమ్మ సంచి దొరికింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతికి పురికొస చుట్టి ఉంది. భద్రంగా ఉండాలనే అలా కట్టాం. విప్పగానే తడిసిన గోనె వాసన. మూత మీద, మడతల్లో తెల్లటి బూజు. ఇత్తడి తాళం చుట్టూ పచ్చటి చిలుము. భుజం పట్టీ ఒక పక్క కుట్టు ఊడి వేలాడుతోంది.

1974లో మద్రాసు మౌంట్ రోడ్డులో అమ్మ కొనుక్కున్న సంచి అది. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా చేరిన రెండో ఏడు. గోధుమ రంగు తోలు, రెండు అరలు, మూతకు చిన్న తాళం. అందులో ఎప్పుడూ సుద్దముక్కలు, ఎర్ర సిరా పెన్ను, బస్సు పాసు, ఒక యాలక్కాయల పొట్లం ఉండేవి. రిటైరయ్యేదాకా అదే మోసింది. అమ్మ పోయి పదకొండేళ్లయింది. ఆ పదకొండేళ్లూ సంచి ఊపిరాడని కవర్లో ఉంది.

ఆ రోజు నుంచి నాకు ఈ పని పట్టుకుంది. ఈ ఏడాదిలో తొమ్మిది పాత సంచులు బాగుచేశాను. స్నేహితురాళ్లు తెచ్చిచ్చినవి కొన్ని, బంధువుల బీరువాల్లో దొరికినవి కొన్ని. మొట్టమొదట పాడుచేసింది మాత్రం అమ్మ సంచినే. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాను.

మూత మూలన బొటనవేలి గోరంత ఎర్ర సిరా మరక ఉండేది. బూజు పోయాక అదే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించింది. దూదికి సర్జికల్ స్పిరిట్ అద్ది రుద్దాను. దూది ఎర్రబడితే సిరా వస్తోందనుకుని ఇంకా రుద్దాను. సిరాతో పాటు తోలు రంగూ లేచిపోతోందని తెలిసేసరికి రూపాయి బిళ్లంత మేర పాలిపోయింది. సిరా పూర్తిగా పోలేదు కూడా. అది తోలు లోపలికి ఇంకి నలభై ఏళ్లయింది మరి. స్పిరిట్ బూజును చంపుతుంది, నిజమే. కానీ ఎక్కడో కనపడని చోట, సంచి అడుగునో పట్టీ వెనకో ఒక చుక్క వేసి చూడకుండా ముఖం మీద వాడకూడదు. ఆ ఒక్క నిమిషం నేను ఆగలేదు.

తోలును దేనితో ఊనారో తెలియకుండా దాని మీద చెయ్యి వేయకూడదని తర్వాత నేర్చుకున్నాను. పచ్చి చర్మం రెండు రోజుల్లో కుళ్లుతుంది. చెట్ల బెరడుల్లో, కాయల్లో ఉండే వగరు దాని పోగుల్లోకి దిగి వాటిని పట్టి ఉంచితే అది తోలవుతుంది. తోలు ఊనడమంటే ఇదే. మన నేలలో ఆ వగరు తంగేడు చెక్కది, తుమ్మ చెక్కది, కరక్కాయది. బతుకమ్మలో పేర్చే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు, తోళ్లు ఊనే వాళ్లకు ముందు బెరడుగానే తెలుసు. ఆ చెక్క నానిన లందల్లో తోళ్లు రోజుల తరబడి ఊరేవి. ఊరికి నీళ్లు తోడిన మోట, రైతు కాలి కిర్రు చెప్పులు, రెండూ ఆ లందలోంచి వచ్చినవే. వాటిని వాడుకున్న ఊరు, లంద పని చేసిన మనుషుల్ని మాత్రం పొలిమేర దాటి లోపలికి రానివ్వలేదు. తోలు గురించి ఇష్టంగా రాసే ఎవరైనా ఆ మాట దాటేసి రాయకూడదని నా నమ్మకం.

అమ్మది తెనాలి. దగ్గర్లోని యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారి గురించి క్లాసులో చెప్పేది. రైతు కుటుంబం నుంచి వచ్చి తోళ్ల శాస్త్రం చదివి, మద్రాసు అడయారులో 1948లో మొదలైన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు 1958 నుంచి డైరెక్టరుగా పనిచేసిన మనిషి. ‘ఈ సంచి తోలు వెనక కూడా చదువుందిరా’ అని బల్ల మీద దీన్ని పెట్టి చూపించేదట. అమ్మ దగ్గర చదువుకున్న ఒకాయన మొన్న చెప్పాడు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలి నాయుడమ్మ గారు పోయినప్పుడు అమ్మ ఆ రోజంతా మాట్లాడకపోవడం నాకు గుర్తుంది.

బెరడుతో ఊనిన తోలును అంచు చూసి పోల్చుకోవచ్చు. కోసిన అంచు పైనుంచి కిందిదాకా గోధుమ రంగులోనే ఉంటుంది. నీటి చుక్క పడితే అక్కడ నల్లబడుతుంది. వాడేకొద్దీ, చెయ్యి తగిలేకొద్దీ రంగు చిక్కబడుతుంది. క్రోమియం లవణాలతో ఊనిన తోలు నీటికి ఇంతగా చలించదు, మెత్తగా ఉంటుంది, రంగు వేసినా అంచు మధ్యలో చాలాసార్లు నీలి బూడిద రంగు కనిపిస్తుంది. ఇక రెక్సిన్ తోలే కాదు. పైపొర పెచ్చులుగా రాలడం మొదలయ్యాక దానికి ఏ మందూ లేదు. అది చేతికొస్తే నేను మొహమాటం లేకుండా చెప్పేస్తాను, దీని మీద ఖర్చు పెట్టకండి అని.

న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కూతురు, పాత సామాన్ల దుకాణంలో 12 డాలర్లకు కొన్న కోచ్ కంపెనీ సంచి తెచ్చిచ్చింది. నల్లది, మురికి పట్టి గట్టిపడింది. “అక్కా, అక్కడ వీటిని ఏకంగా నీళ్లలో ముంచి ఉతుకుతారు” అంది. నమ్మలేదు. తర్వాత ఆ కంపెనీ కథ తెలిశాక నమ్మాను. 1941లో న్యూయార్క్ మన్‌హట్టన్‌లో చిన్న కార్ఖానాగా మొదలై, తర్వాత మైల్స్, లిలియన్ కాన్ దంపతుల చేతికొచ్చింది. బేస్‌బాల్ గ్లవ్ తోలు ఆడేకొద్దీ మెత్తబడి నిగ్గు తేలడం మైల్స్ గమనించి, అలాంటి తోలునే సంచులకు తయారు చేయించాడు. 1962లో వచ్చిన బోనీ కాషిన్ అనే డిజైనర్, తన కారు మడత టాపును బిగించే మరను చూసి, తిప్పితే పడే ఇత్తడి తాళాన్ని సంచులకు పెట్టింది. ఆ పాతకాలపు సంచుల్లో చాలావాటికి అస్తరు లేదు, లోపల అట్ట లేదు. రంగు తోలంతా ఇంకి ఉంటుంది. అందుకే నీళ్లకు తట్టుకుంటాయి.

గోరువెచ్చని నీళ్లలో కాస్త మెత్తటి సబ్బు కలిపి పది నిమిషాలు ఉంచాను. నీళ్లు కాఫీ డికాక్షన్‌లా అయ్యాయి. రెండుసార్లు మంచినీళ్లలో జాడించి, లోపల పాత తువ్వాళ్లు కుక్కి, ఆకారం సరిచేసి నీడలో మూడు రోజులు ఆరబెట్టాను. ఎండలో పెట్టకూడదు, ఫ్యాను గాలి చాలు. కుక్కడానికి వార్తాపత్రికలు వద్దు, తడి తగిలితే అక్షరాలు తోలుకు అంటుకుంటాయి. ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే తోలుకు రాసే క్రీమును పల్చగా రాశాను. ఆ సంచి మళ్లీ మెత్తబడి ఒళ్లు విరుచుకున్నప్పుడు కలిగిన సంతోషం ఇంకే పనిలోనూ కలగలేదు.

అదే పని అమ్మ సంచికి చేసి ఉంటే అది అక్కడితో సరి. దానికి గుడ్డ అస్తరు ఉంది, అడుగున అట్ట ఉంది, పైగా బెరడు తోలు. దానికి పొడి బ్రష్, పిండేసిన తడిగుడ్డ, ఓపిక. బూజును ఇంట్లో దులపకూడదు. దాని పొడి గాలిలో లేచి పక్కనున్న వాటి మీద పడుతుంది. వాన లేని పూట డాబా మీదికి తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తటి బ్రష్షుతో దులిపి, నీడలో గాలికి ఉంచాలి.

నూనె సంగతి కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది అదే. మా తాతయ్య కొత్త చెప్పులకు ఆముదం పట్టించేవాడు. ఆ చెప్పులు మందపు తోలు, దుమ్మూ బురదా తొక్కేవి, వాటికది సరిపోయింది. పలచటి సంచికి ఆముదం రాస్తే నల్లబడి, జిగటగా దుమ్ము పట్టి, అస్తరు దాకా మరకలు దిగుతాయి. కొబ్బరినూనె ఇంకా మోసం. రాసిన రోజు తళతళలాడుతుంది. చలికాలం వచ్చేసరికి లోపలి కొవ్వు పైకి తేలి తెల్లగా పేరుకుంటుంది. అది చూసి బూజనుకుని మళ్లీ నూనె రాసినవాళ్లు నాకు తెలుసు. తేడా తెలుసుకోవాలంటే జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు కాస్త దూరం నుంచి చూపించాలి. కొవ్వయితే కరిగి మాయమవుతుంది, బూజయితే అలాగే ఉంటుంది. మ్యూజియంలలో కూడా ఒకప్పుడు పాత తోళ్లకు క్రమం తప్పకుండా నూనె మిశ్రమాలు పట్టించేవారు. వాటితో దుమ్ము అంటుకుని, తోలు జిగటబడి నష్టమే ఎక్కువని తేలాక ఆ అలవాటు మానుకున్నారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు, బఠాణీ గింజంత క్రీము, గుడ్డకు రాసి గుడ్డతో తోలుకు. అంతే.

తాళం చిలుము చూడగానే చెయ్యి చింతపండు వైపు వెళ్లింది. ఇత్తడి తోమే ఇంట్లో పుట్టినవాళ్లెవరికైనా అంతే. కానీ ఆ పులుపు తోలుకు పడదు. ఇత్తడిలోని రాగి, తోలులోని కొవ్వు కలిసి ఆ పచ్చటి జిడ్డు పుడుతుంది కాబట్టి, చెక్క టూత్‌పిక్కుతో గీరి, పొడి గుడ్డతో తుడిస్తే చాలావరకు వచ్చేసింది. మిగిలినది మిగిలింది.

పట్టీ కోసం మా గుంటూరులో వీధి చివర రావిచెట్టు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. చేత్తో పట్టుకుని అటూ ఇటూ వంచి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని మడత కిర్రుమనడం విన్నాడు. “తోలు బతికే ఉందమ్మా. దారమే చచ్చింది” అన్నాడు.

మిషన్ మీద కుట్టేస్తారేమో అనుకున్నాను. ఆయన పాత రంధ్రాల్లోంచి తెగిన దారం ముక్కల్ని ఒక్కొక్కటిగా పీకాడు. కొత్త రంధ్రాలు పొడిస్తే తోలు చిరుగుతుందట, అందుకని ఆరెను పాత రంధ్రాల్లోనే దించాడు. దారానికి మైనం పట్టించి, రెండు కొసలకూ రెండు సూదులు ఎక్కించి, ఒకే రంధ్రంలోంచి అటొకటి ఇటొకటి తీశాడు. మిషన్ కుట్టులో పైదారం, కిందదారం మెలేసుకుని ఉంటాయి, ఒకచోట తెగితే వరసగా ఊడుతూ వస్తుంది. ఈ రెండు సూదుల కుట్టులో ఒక పోగు తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. పేరున్న ఫ్రెంచి సంచుల్లో, గుర్రపు జీనుల్లో ఉండేది ఈ కుట్టే. రావిచెట్టు కింద ఆయన దాన్ని వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు. ఆ నాన్న లంద పని కూడా చేశాడు. ఈయన కొడుకు ఇప్పుడు బండి మీద పార్సిళ్లు అందిస్తున్నాడు.

పాలిపోయిన చోటు ఆయన కంట పడనే పడింది. “ఇక్కడ ఎవురో రుద్దారే” అన్నాడు. నేనేనని చెప్పి, రంగు వేస్తారా అని అడిగాను.

“ఏస్తే రెండు నెల్లు బాగుంటది. తర్వాత పెచ్చులూడిద్ది. అయినా ఈ ముక్కకి ఏసి ఊరుకుంటే కలవదు, మొత్తం ఏయాలి. అప్పుడిది అమ్మగారి సంచేనా? ఉండనీండి.”

పాత సంచుల్ని కొని, మందపు రంగు పూసి, కొత్తవాటిలా మెరిపించి అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఆ రంగు కింద వెంట్రుక కుదుళ్ల గుర్తులు, పశువు ఒంటి మీది పాత గీతలు, చెయ్యి తగిలి నల్లబడ్డ చోట్లు అన్నీ పూడిపోతాయి. తోలును గుర్తుపట్టే ఆనవాళ్లే అవి. నా దృష్టిలో అది బాగుచేయడం కాదు. కుట్టు గట్టిగా ఉండాలి, పట్టీ బరువు మోయాలి, బూజు ఉండకూడదు, తోలు ఎండి పగలకూడదు. మరమ్మతు పని అక్కడితో అయిపోయింది. మిగతాది ఆ సంచి వయసు, దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

అన్ని సంచులూ బతకవు. ఒక స్నేహితురాలు వాళ్ల నాయనమ్మ చేతిసంచి తెచ్చింది. తోలు ఎర్రటి పొడిగా రాలుతోంది, ముట్టుకుంటే వేళ్లకు ఇటుకపొడి అంటినట్టు అంటుతోంది. గాలిలోని గంధకపు కాలుష్యం తగిలి బెరడు తోలులో ఆమ్లం పెరిగితే పోగులే తెగిపోతాయి. పుస్తకాలు భద్రపరిచేవాళ్లు దాన్ని ఎర్ర కుళ్లు అంటారు. ఇంకా రాలకుండా కొంతవరకు నిలపొచ్చు గానీ, పోయిన బలం తిరిగి రాదు. మెత్తటి గుడ్డలో పెట్టి తిరిగిచ్చేశాను. ఆమె ఏడ్చింది. పదేళ్ల ముందు తీసి చూసుంటే ఏమయ్యేదో అని ఇద్దరం అనుకున్నాం.

అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో అటక మీదో బీరువా అడుగునో ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టిన తోలు సంచి ఉంటే ఈ ఆదివారం దించండి. కవరు తీసేయండి. పొడి గుడ్డతో తుడిచి, లోపల పాత నూలుగుడ్డలు కుక్కి, ఉతికిన దిండు గలీబులో పెట్టి, గాలి ఆడే చోట ఉంచండి. మరకల జోలికి పోవద్దు. కుట్టు ఊడి ఉంటే మీ వీధి చివర కూర్చున్న ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. మా పెద్దాయన రెండు గంటలు కూర్చుని కుట్టి నూట యాభై అడిగాడు. మీ దగ్గర ఎంత అడిగినా బేరమాడకుండా ఇవ్వండి.