అద్దం పోయినా ఫ్రేము దక్కాలి

1927 డిసెంబరులో ఫోర్డ్ కంపెనీ మోడల్ ఏ కారును జనం ముందుకు తెచ్చింది. సామాన్యులు కొనగలిగే ఆ బండికి ముందు అద్దంగా లామినేటెడ్ గాజు బిగించడం అప్పట్లో పెద్ద విశేషం. రెండు గాజు పలకల మధ్య పల్చటి సెల్యులాయిడ్ పొర ఉంటుంది. రాయి తగిలితే గాజు పగులుతుంది గానీ పెంకులు మొహం మీదికి ఎగరవు. ఈ ఉపాయం ఫ్రాన్సుకు చెందిన ఎడ్వార్ బెనెడిక్టస్‌ది. 1903లో ఆయన ప్రయోగశాలలో ఒక ఫ్లాస్కు కిందపడి పగిలింది కానీ ముక్కలు విడిపోలేదు. లోపల ఎండి అంటుకున్న సెల్యులోజ్ నైట్రేట్ వాటిని పట్టి ఉంచింది. 1909లో ఆయన పేటెంట్ తీసుకున్నాడు. రెండు గాజు పలకలు, మధ్య ఒక పొర, కలిపి మూడు కాబట్టి ఆ గాజుకు ట్రిప్లెక్స్ అన్న పేరు వచ్చింది.

ఇన్నేళ్లకు ఆ పొరే అద్దాన్ని చెడగొడుతోంది. ఎండకు పసుపెక్కుతుంది. అంచుల నుంచి తేమ పాకి గాజుకూ పొరకూ మధ్య బుడగలు లేస్తాయి. అలాంటి అద్దంతో బండి నడపడం ప్రమాదం, కాబట్టి మార్చక తప్పదు. గాజు కొత్తది కోయించుకోవచ్చు. కానీ దాన్ని పట్టుకున్న లోహపు ఫ్రేము ఆ నాటిదే అయితే, వంకర పోయాక మళ్లీ అదే రూపానికి తేవడం కష్టం. పాత అద్దం తీసే పనిలోని నేర్పంతా ఈ ఒక్క ఎరుకలోంచి పుట్టింది.

ఫ్రేమును కారు నుంచి విప్పి, మందపాటి దుప్పటి పరిచిన బల్ల మీద పడుకోబెడతారు. పగుళ్లుంటే అద్దం నిండా అడ్డదిడ్డంగా టేపు అంటిస్తారు. చేతికి తోలు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాల్సిందే. చాలా ఫ్రేముల్లో మూలల దగ్గర స్క్రూలే రెండు భాగాలనూ కలిపి ఉంచుతాయి. వాటి గాడిలో పేరుకున్న రంగునూ తుప్పునూ సూదిమొనతో గీకి, తుప్పు వదిలించే నూనె వేసి, రాత్రంతా వదిలేస్తారు. పొద్దున స్క్రూడ్రైవర్ పెట్టి ముందు ఇసుమంత బిగించి, ఆ తర్వాతే వదులు చేస్తారు. అప్పటికీ కదలకపోతే తల డ్రిల్ చేసి తీసేస్తారు.

షెడ్డులో మొండికేసిన ఇనుమును చూడగానే చెయ్యి గ్యాస్ టార్చి వైపు వెళ్తుంది. ఇక్కడ మాత్రం వెళ్లకూడదు. వేడికి గాజు చిట్లడం ఒక ఎత్తు, లోపలి పొర అంటుకోవడం ఇంకో ఎత్తు. పాత సినిమా రీళ్లను భగ్గుమనిపించిన సెల్యులోజ్ నైట్రేటే ఈ పొర కూడా. దాని పక్కన నిప్పు పెట్టడమంటే ప్రాణంతో చెలగాటమే.

స్క్రూలు ఊడినా అద్దం రాదు. ఫ్రేము గాడిలో గాజు చుట్టూ పెట్టిన రబ్బరు పట్టీ రాయిలా బిగుసుకుంటుంది. దాని వెనకాల ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక గాజును రెండు వైపులా నొక్కేస్తుంది. అంచుల్లో కనిపించే పగుళ్లు చాలావరకు దీని పనే. అందుకే గాజును లాగరు. గాజును కదలనివ్వకుండా పట్టుకుని, లోహాన్ని దాని మీద నుంచి జరుపుతారు. గాడి అంచుకు చెక్క దిమ్మ ఆనించి చిన్న సుత్తితో ఈ చివర ఓ దెబ్బ, ఆ చివర ఓ దెబ్బ వేస్తారు. మధ్యమధ్యలో విరిగిన హ్యాక్‌సా బ్లేడు దూర్చి పాత రబ్బరును కోస్తారు. స్క్రూడ్రైవర్ దూర్చి మెలితిప్పితే గాడి పెదవులు విచ్చుకుంటాయి. ఆ తర్వాత ఎంత మంచి గాజు పెట్టినా వాన నీళ్లు లోపలికే.

ఊడిన అద్దాన్ని వెంటనే పారేయకూడదు. కొత్త గాజుకు కొలత అదే. అట్ట మీద దాని రూపు గీసుకోవాలి. ఓ మూల కంపెనీ ముద్ర ఉంటే ఫొటో తీసి దాచుకోవాలి. మోడల్ ఏ ముందు అద్దం చదునుగా ఉంటుంది కాబట్టి లామినేటెడ్ పలకను అనుభవమున్న గాజు పనివాడు ఆ కొలతకు కోసి ఇవ్వగలడు. టఫెన్డ్ గాజును మాత్రం కొలిమిలోకి పోకముందే కోయాలి. తర్వాత కోయబోతే ముక్కలైపోతుంది.

మన రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. ఉత్తర్‌పారాలో 1957 నుంచి తయారైన ఈ బండికి మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపు చెడని వాహనం వింటేజ్ కిందికి వస్తుంది. తొలి తరాల అంబాసిడర్లు ఇప్పుడు ఆ వయసుకు చేరాయి. అంబాసిడర్ ముందు అద్దం వంపు తిరిగి ఉంటుంది, చదును పలకలోంచి కోయడానికి కుదరదు. దాన్ని పట్టి ఉంచేది రబ్బరు బీడింగ్, అది కొత్తది దొరుకుతుంది. కనుక ఇక్కడ రబ్బరును బలిచ్చి గాజును కాపాడాలి. బయటి పెదవిని పదునైన కత్తితో చుట్టూ కోసేసి, ఒకరు లోపల కూర్చుని రెండు అరచేతులతో పై మూలల నుంచి మెల్లగా నెట్టాలి, ఇంకొకరు బయట నిలబడి అందుకోవాలి.