చిత్రమునకు శీర్షిక, శిలకు శాసనము

శ్రీశైలమున మల్లికార్జునాలయ ప్రాకారమును చుట్టి చూచువారు గజములను, అశ్వములను, వేటకాండ్రను, సైనికులను రాతిపై కాంచి ముదమందుదురు. ఆ రాలను మోసినవారెవరో, వారిలో స్త్రీలెందరో ఆ శిల్పము చెప్పదు. పాతాళగంగకు దిగు మెట్లను రెండవ హరిహరరాయల పత్ని విఠలాంబ కట్టించెనని 14వ శతాబ్ది చివరి శాసనమువలన నెరుగుదుము. రాణి పేరు నిలిచినది. తట్ట మోసినవారి పేర్లు నిలువలేదు. యుద్ధకాలమున శ్రమించిన స్త్రీల ఛాయాచిత్రములను చూచునపుడు నాకీ తారతమ్యమే స్ఫురించును.

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా ప్రభుత్వము పక్షమున ఆల్ఫ్రెడ్ పామర్ 1942లో లాంగ్‌బీచి నగరమందలి డగ్లస్ విమానకర్మాగారపు స్త్రీలను రంగులలో చిత్రించెను. లోహముమీదను ముఖముమీదను వెలుగును సమముగా నమర్చిన నేర్పు కొనియాడదగినది. కాని ఆ మోములపై అలసట లేదు. చూపరులను పనికి పిలుచుటకై తీసిన చిత్రములగుటచే ఆ లోపము బుద్ధిపూర్వకమనియే తోచును.

ఆ యేండ్లలోనే అస్సాము, వంగదేశములయందు విమానాశ్రయముల నిర్మాణమున మనదేశపు స్త్రీలు తలపై రాళ్లతట్టలు మోయుచుండగా అమెరికా సైనికులు చిత్రములు తీసిరి. అందు విమానము పెద్దది, స్త్రీలొక వరుస మాత్రమే. బొగ్గుగనులలో స్త్రీలు భూగర్భమునకు దిగరాదను నిషేధము 1937లో నమలునకు వచ్చి, యుద్ధావసరమునకై 1943లో సడలింపబడి, 1946లో మరల విధింపబడినది. ఇట్టి సంగతి నెంత చక్కని చిత్రమైనను తనంత చెప్పజాలదు; శీర్షికయే చెప్పవలెను.

శీర్షిక బలమెంతటిదో యొక యుదాహరణము చాటుచున్నది. 1942లో కాలిఫోర్నియాలోని అలమీడా నౌకాదళ విమానకేంద్రమున లేతుయంత్రము కడ వంగి పనిచేయుచున్న యువతి చిత్రము జగద్విఖ్యాతము. పలు సంవత్సరములు లోకమామెను వేరొక స్త్రీగా నెంచెను. జేమ్స్ కింబల్ అను పండితుడు చిత్రముతోడి తొలి శీర్షికను కనుగొని, ఆమె నయోమీ పార్కర్ అని 2016లో ప్రకటించెను. అప్పటికామెకు తొంబదియైదేండ్లు దాటబోవుచున్నవి. 2018లో ఆమె గతించెను. రెండేండ్లు మాత్రమే తన ముఖము తనదిగా లోకమునకు తెలిసి బ్రదికినది.

చిత్రమునకు సౌందర్యమే ప్రధానము, పేరుతో పనియేమని కొంద రాక్షేపింపవచ్చును. సౌందర్యము చిత్రకారుని కీర్తి; పేరు శ్రమించినవారి హక్కు. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు. శాసనపు టొక్క యక్షరమునకై దినములు వెచ్చించు మనము పాతచిత్రము వెనుకవైపును త్రిప్పి చూచుట యేల మరతుము? పండితులు తమ గ్రామములలో మిగిలిన చిత్రములను చూపి, ఎరిగిన వృద్ధులుండగానే పేర్లడిగి వ్రాసికొందురు గాక.