కణంలో వెలుగును కొలిచే పనితనం

ఆర్మూరు పసుపు పొడిని కాస్త స్పిరిట్‌లో కలిపి, నకిలీ నోట్లు పట్టే అతినీల దీపం కింద పెడితే ఆకుపచ్చగా వెలుగుతుంది. అందులోని కర్కుమిన్ ఒక రంగు కాంతిని మింగి ఇంకో రంగులో వదలడమే కారణం. ఈ ఫ్లోరోసెన్స్‌నే పనిముట్టుగా చేసుకున్నవాళ్లు, బతికున్న కణంలో ఎంజైమ్ పనిచేస్తుండగానే చూడగలుగుతున్నారు.

అంతకుముందు కణాలను చిదిపి ఆ రసంలో కొలిచేవారు. ఎంజైమ్ ఎంత పనిచేసిందో తెలిసేది. కణంలో ఏ మూల, ఏ క్షణాన అన్నది తెలిసేది కాదు.

2001లో శాస్త్రవేత్త రోజర్ చెన్ బృందం ఆకాశనీలంగా, పసుపుగా వెలిగే రెండు ప్రొటీన్లను ఒకే గొలుసులో కూర్చి సెన్సర్‌ను తయారుచేసింది. ప్రొటీన్ కినేజ్-ఎ అనే ఎంజైమ్ ఆ గొలుసుకు ఫాస్ఫేట్ తగిలించగానే అది ముడుచుకుని రెండు ప్రొటీన్లూ దగ్గరవుతాయి. నీలం తగ్గి, పసుపు పెరుగుతుంది. ఆ ఫాస్ఫేట్ వచ్చేది ఏటీపీ అనే అణువు నుంచి. 1929లో ఏటీపీని వెలికితీసినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

అసలు మెచ్చుకోవలసింది మైక్రోస్కోపు దగ్గర కూర్చునేవారి ఓపికను. కాంతి ఎక్కువైతే కణం దెబ్బతింటుంది, రంగు వెలిసిపోతుంది. తక్కువైతే ఏమీ కనబడదు. అందుకే ఉత్త వెలుగును నమ్మరు, రెండు రంగుల నిష్పత్తిని లెక్కిస్తారు. ఫాస్ఫేట్ అంటకుండా మార్చిన సెన్సర్‌నూ పక్కనే పరీక్షిస్తారు.

ఇక్కడే మన పసుపు తంటా పెడుతుంది! ఆ నీలి ప్రొటీన్‌ను వెలిగించే కాంతికే కర్కుమిన్ కూడా వెలుగుతుంది. కర్కుమిన్ ఫలానా ఎంజైమ్‌ను ఆపిందని ఎవరైనా రంగుల బొమ్మ చూపిస్తే, సెన్సర్ లేని కణాల బొమ్మ కూడా అడగండి.