మోకాళ్ళ మెట్టు దాకా

తడ చుట్టుపక్కల నేలంతా చదును. పులికాట్ ఒడ్డు ఊళ్ళలో ఏడాది పొడవునా ఎత్తెక్కే పనే తక్కువ. ఆ కాళ్ళే ఒకనాడు అలిపిరిలో మొదలుపెట్టి తిరుమల కొండకు 3,550 మెట్లు ఎక్కుతాయి. మర్నాడు మోకాలి చిప్ప చుట్టూ సలుపు పుడితే, ‘గుజ్జు అరిగిపోయింది, ఇక మెట్ల జోలికి పోవద్దు’ అని ఇంట్లోవాళ్ళే తీర్పు చెప్పేస్తారు. అది తొందరపాటు తీర్పు. ఇలా మెట్లెక్కాక వచ్చే నొప్పిలో ఎక్కువ భాగం అలవాటు లేని భారం వల్లే.

తొడ ముందు కండరం లాగే లాగుడుకు చిప్ప బావి గిలకలా పనిచేస్తుంది. మోకాలు వంగేకొద్దీ కండరం గట్టిగా లాగాలి, లాగేకొద్దీ చిప్ప వెనకున్న తొడ ఎముకకు అదుముకుంటుంది. చదునులో నడిచేటప్పుడు ఆ ఒత్తిడి ఒంటి బరువులో సుమారు సగం. మెట్లెక్కేటప్పుడు దాదాపు మూడింతలు, అంటే 60 కిలోల మనిషికి 180 కిలోలు. గాలిగోపురం దాటాక దారి కాస్త చదునై కాళ్ళు తేరుకుంటాయి గానీ, చివర్లో మోకాళ్ళ మెట్టు నిటారుగా ఎదురొస్తుంది. రామానుజాచార్యులు మోకాళ్ళ మీద ఎక్కారని చెప్పుకునే చోటు అది. అక్కడికి చేరేసరికి పిరుదుల కండరాలు అలసి పట్టు వదులుతాయి, మోకాలు లోపలికి వాలుతుంది, చిప్ప ఒక పక్కకు ఒరుసుకుంటుంది. నడుం దగ్గర కాస్త ముందుకు వాలి ఎక్కితే ఆ భారంలో కొంత తుంటి పంచుకుంటుంది.

ఎక్స్‌రేలో అరుగుదల కనబడిందిగా అంటారు. అరుగుదల కనబడినా నొప్పి లేనివాళ్ళున్నారు, ఎక్స్‌రే బాగున్నా నొప్పితో బాధపడేవాళ్ళూ ఉన్నారు. పైగా ఆ గుజ్జుకు రక్తనాళాలు లేవు. అదుముడు, సడలింపు వల్లే దానికి పోషణ అందుతుంది. పూర్తిగా కూర్చోబెడితే కండరమూ బక్కచిక్కుతుంది. మరి మన తాతలు ఏ సాధనా లేకుండానే ఎక్కారు కదా? పొలంలో గొంతుక్కూర్చుని కలుపు తీయడం, బావిలో నీళ్ళు తోడడం వాళ్ళ రోజువారీ సాధన. కుర్చీలో రోజు గడిపే మనం దాన్ని నెలా రెండు నెలల ముందే, ఇంటి మెట్ల మీద కొద్దికొద్దిగా పెంచుకుంటూ చేసుకోవాలి. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా సంగతి వేరు, డాక్టరుకు చూపించాల్సిందే.

దిగడం ఇంకా కష్టం. తొడ ముందు కండరమే సాగుతూ ఒంటి బరువును ఆపాలి, మర్నాటి నొప్పిలో పెద్ద వాటా దానిదే. నడిచి ఎక్కుతానని మొక్కుకున్నవారు దిగేటప్పుడు బస్సెక్కితే మొక్కుకు లోటేమీ రాదు.